ఇంట్లో రకరకాల టీలు కాయడం, రుచి చూడడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటికి వచ్చినవాళ్లు వంటింటి అలమరలో వరసగా ఉన్న టీ డబ్బాలు చూసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఫోన్ చేసే బంధువులూ అవే అడుగుతారు. పన్నెండేళ్లుగా రోజూ కాస్తూ, పాడుచేస్తూ, మళ్లీ కాస్తూ తెలుసుకున్నవి ఒకచోట రాసి పెడుతున్నాను.

ఫ్లేవర్ టీ అంటే ఏమిటి? గ్రీన్ టీ కూడా ఫ్లేవర్ టీయేనా?

కాదు. గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్, వైట్ టీ అన్నీ ఒకే మొక్క ఆకులు. తేడా అంతా కోసిన తర్వాత జరిగేదాంట్లో ఉంది. వంకాయ కోసి పక్కన పెడితే ముక్కలు నల్లబడతాయి కదా, నలిపిన టీ ఆకు కూడా గాలి తగిలి అలాగే రంగు మారుతుంది. కోసిన వెంటనే వేడి చూపించి ఆ మార్పును ఆపేస్తే గ్రీన్ టీ. పూర్తిగా మారనిస్తే బ్లాక్ టీ. మధ్యలో ఆపితే ఊలాంగ్.

ఈ ఆకుకు ఇంకో వాసన చేరితే అది ఫ్లేవర్ టీ. పూల మధ్య ఉంచి వాసన పట్టించవచ్చు. యాలకులు, ఎండు తొక్కలు, పుదీనా లాంటివి కలపవచ్చు. నూనెగానో ఎసెన్స్‌గానో చల్లవచ్చు. అసలు టీ ఆకే లేకుండా తులసి, చామంతి, నిమ్మగడ్డి వేసి కాచేవాటినీ అంగట్లో టీ అనే అమ్ముతున్నారు. వాటికి మన దగ్గర కషాయం అనే చక్కటి మాట ముందే ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏవి కొనాలి?

ఫ్లేవర్లు కొనకండి. ముందు ఏ వాసనా కలపని అస్సాం, డార్జిలింగ్, నీలగిరి ఆకు టీలు, ఒక గ్రీన్ టీ చిన్న ప్యాకెట్లు తెచ్చుకోండి. ఆకు రుచి నాలుకకు తెలియకపోతే, మీద చేరిన వాసన బాగుందో లేదో తేల్చుకోలేం.

అస్సాం టీ చిక్కగా, ఎర్రగా ఉంటుంది. నాకు అందులో వేయించిన రాగిపిండి, పాకం బెల్లం గుర్తొస్తాయి. ఆ తోటల్లో ఆకు కోసినవాళ్లలో బ్రిటిష్ కాలంలో విశాఖ, గంజాం వైపు నుంచి తీసుకెళ్లిన కుటుంబాలూ ఉన్నాయి. అస్సాం ఆకు కప్పులో వేసినప్పుడు వాళ్లు నాకు గుర్తొస్తారు.

డార్జిలింగ్ పల్చగా, పూల వాసనతో ఉంటుంది. మన దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి సరుకు ఇదే, 2004లో. దీంట్లో మార్చి ప్రాంతంలో కోసే తొలి కోత వేరు, మే, జూన్‌లలో కోసే రెండో కోత వేరు. రెండో కోతలో పండు ద్రాక్ష లాంటి వాసన వస్తుంది. దానికి కారణం ఒక పురుగు. పత్తి రైతులు పచ్చదోమ అని తిట్టుకుంటారే, ఆ కుటుంబానికి చెందినదే. అది లేత ఆకు రసం పీలుస్తుంది, తనను కాపాడుకోవడానికి ఆకు కొత్త వాసనలు తయారు చేసుకుంటుంది. పత్తికి నష్టం చేసే పురుగుకు చుట్టమైనది టీ తోటలో పంటకు విలువ పెంచడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

నీలగిరి టీ తేలిక, శుభ్రమైన రుచి. నిమ్మకాయ, పుదీనా, మసాలా ఏది వేసినా కలిసిపోతుంది. ఒక్కటే కొనగలిగితే నీలగిరి కొనండి.

రోజూ వాడే టీ పొడి సరిపోదా?

పాల టీకి అదే సరైనది. గుండ్రటి పలుకుల్లా ఉండే ఆ పొడిని సీటీసీ అంటారు. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చీల్చి, చుట్టే పద్ధతి అది. 1930ల్లో అస్సాంలో మొదలైంది. రెండు నిమిషాల్లో రంగు, బలం దిగుతాయి కాబట్టి పాలు పోసినా నిలబడుతుంది. పాలు లేకుండా తాగితే మాత్రం గొంతు పట్టేస్తుంది. రుచి చూడడానికి ఆకు టీ, పాలకు పొడి, అంతే.

థర్మామీటర్ లేదు. నీళ్ల వేడి ఎలా తెలుసుకోవాలి?

బ్లాక్ టీకి, కషాయాలకి తెర్లుతున్న నీళ్లు కావాలి. ఊలాంగ్‌కి ఒక నిమిషం ఆగి పోయండి. గ్రీన్ టీకి 75 నుంచి 80 డిగ్రీలు చాలు, అంతకు మించితే చేదు ఎక్కుతుంది.

80 డిగ్రీలకు నేను వాడే లెక్క చెబుతాను. మూడు గ్లాసుల మరిగే నీళ్లకు ఒక గ్లాసు మామూలు తాగునీళ్లు కలపండి. దాదాపు 80 వస్తుంది. కళ్లతో చూసి పట్టుకోవాలంటే, గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు పుట్టి పైకి రావడం మొదలైనప్పుడే దించేయండి.

నేను మొదటిసారి గ్రీన్ టీ కొన్నప్పుడు పాల టీ లాగే పది నిమిషాలు మరగపెట్టాను. వేపాకు రసంలా వచ్చింది. ఇంట్లో అందరం అది ఆరోగ్యం కోసం తాగే మందు అనుకుని రెండు నెలలు అలాగే తాగాం. ఇప్పటికీ చాలామంది గ్రీన్ టీ అంటే మొహం తిప్పుకోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. ఆకు తప్పు లేదు, నీళ్ల వేడి తప్పు.

ఎంత ఆకు? ఎంతసేపు?

ఒక కప్పుకి, అంటే 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్లకు, 2 గ్రాములు. చుట్టిన ఆకైతే ఒక టీస్పూను, వైట్ టీ లాంటి పొంగు ఆకైతే రెండు స్పూన్లు. గ్రీన్ టీ రెండు మూడు నిమిషాలు, బ్లాక్ టీ మూడు నుంచి ఐదు, కషాయాలు ఐదు నుంచి ఏడు. మూత పెట్టి ఉంచండి. ఆవిరితో పాటు వాసన పోకుండా ఉంటుంది. ఎక్కువ బలం కావాలంటే ఆకు పెంచండి కానీ సమయం పెంచకండి. సమయం పెంచితే బలం కన్నా చేదు, వగరు ఎక్కువ దిగుతాయి.

టీ కంపెనీల్లో రుచి చూసేవాళ్ల కొలత వేరు. 1980లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన పద్ధతి ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాములు, 6 నిమిషాలు. ఆకులో లోపాలు బయటపడాలని అంత ఘాటుగా చేస్తారు. తాగడానికి అది పనికిరాదు.

మా ఇంట్లో టీ మీద తెట్టులా వస్తుంది. పొడి మంచిది కాదా?

పొడిని అనుమానించకండి, నీళ్లను చూడండి. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ ఉంటే పాలు పోయకపోయినా టీ మీద మెరిసే పొర కడుతుంది, రంగు మందగిస్తుంది, వాసన అణిగిపోతుంది. హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో నేను చాలాసార్లు చూశాను. ఆర్వో నీళ్లతో పొర రాదు. కానీ లవణాలు మరీ తీసేసిన నీళ్లతో టీ చప్పగా అనిపిస్తుంది. మాకు నల్లా నీళ్లు, ఆర్వో నీళ్లు సగం సగం కలిపితే బాగా కుదిరింది. మీ ఇంట్లో రెండు కప్పులు పక్కపక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

రుచి చూడడం అంటే ఏం చేయాలి? తాగితే చాలదా?

తాగడం, రుచి చూడడం వేరు వేరు పనులు. ఒక్క టీనే తాగితే "బాగుంది" అనడం తప్ప ఏమీ తోచదు. మూడు టీలు పక్కపక్కన పెడితే మాటలు వాటంతట అవే వస్తాయి. మూడు తెల్ల కప్పులు, ఒకే కొలత, ఒకే నీళ్లు, ఒకే సమయం. చక్కెర వద్దు.

ముందు పొడి ఆకు వాసన చూడండి. తర్వాత వేడి చేసిన ఖాళీ కప్పులో ఆకు వేసి, మూత పెట్టి, అర నిమిషం ఆగి మళ్లీ చూడండి. పొడిగా ఉన్నప్పుడు దాక్కున్న వాసనలు ఇక్కడ లేస్తాయి. తర్వాత కాచి, వడకట్టి, తడి ఆకు వాసన చూడండి. డికాక్షన్ గోరువెచ్చగా అయ్యాకే నోట్లో పెట్టుకోండి. పొగలు కక్కే టీలో వేడి తప్ప రుచి తెలియదు.

తాగేటప్పుడు జుర్రుమని గట్టిగా పీల్చండి. చిన్నప్పుడు చప్పుడు చేస్తే అమ్మ కోప్పడేది, ఇక్కడ ఆ చప్పుడే కావాలి. గాలితో కలిసి వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఆ వాసనే. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా ఉండేది అందుకే.

ఇక రుచికి పేర్లు. షడ్రుచుల్లో వగరును విడిగా లెక్కపెట్టిన భాష మనది. టీకి సరిగ్గా ఆ మాటే కావాలి. చాలామంది చేదునీ వగరునీ కలిపేస్తారు. కాకరకాయ చేదు, జామ పిందె వగరు. చేదు నాలుకకు తెలుస్తుంది, వగరు నోరంతా పట్టి ఆరబెట్టినట్టు చేస్తుంది. మంచి డార్జిలింగ్‌లో వగరు కొద్దిగా ఉండి, మింగిన తర్వాత తియ్యదనం మిగులుతుంది. పాలు పోస్తే వగరు తగ్గడానికి కారణం పాలలోని ప్రోటీన్ ఆ వగరు పదార్థాలను పట్టేసుకోవడం.

మిగతా పోలికలకు పుస్తకాల మాటలు వెతకొద్దు. తడి గడ్డి, ఉడికిన పెసలు, కొత్త కుండ, మామిడి పూత, ఎండు ద్రాక్ష అని మీ ముక్కుకు తోచింది ఒక నోటుబుక్కులో రాసుకోండి. కప్పుకీ కప్పుకీ మధ్య నాలుగు మరమరాలు నమిలి నీళ్లు తాగండి. ఆవకాయ అన్నం తిన్న గంటలోపు, పూజగదిలో అగరుబత్తి వెలుగుతున్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు.

మల్లెపూల టీ ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, ఎండాకాలం మన ఇళ్లలో చేయదగ్గ అన్ని టీల్లో నాకు ఇష్టమైనది ఇదే. చైనాలో ఫూజియాన్ రాష్ట్రంలోని ఫూజౌ నగరం ఈ టీకి పేరు. వాళ్లు వాడే మల్లె, మన గుండుమల్లె ఒకే జాతి. మొగ్గలు పగలు కోస్తారు, రాత్రి అవి విచ్చుకుంటూ వాసన వదులుతాయి, పక్కనే ఉన్న టీ ఆకు ఆ వాసనను పీల్చుకుంటుంది. తెల్లారాక పూలు తీసేసి, ఆకు ఆరబెట్టి, కొత్త పూలతో మళ్లీ మొదలుపెడతారు. మంచి రకాలకు ఇది చాలా రాత్రులు సాగుతుంది.

నేను చేసే పద్ధతి: ఏ ఫ్లేవరూ లేని 50 గ్రాముల గ్రీన్ టీ, రెండు గుప్పెళ్ల మొగ్గలు. మొగ్గలు సాయంత్రం కోసినవి, తడి లేనివి, విచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్నవి కావాలి. వెడల్పాటి గాజు సీసాలో ఒక వరస ఆకు, ఒక వరస మొగ్గలు పరిచి, పైన పల్చటి గుడ్డ కట్టి, రాత్రంతా వంటింటి వాసనలకు దూరంగా ఉంచుతాను. పొద్దున్నే పూలన్నీ ఏరేస్తాను. పూలు ఉండిపోతే కుళ్లు వాసన వస్తుంది. ఆకును దళసరి పెనం మీద బాగా సన్నటి సెగన చేత్తో కదుపుతూ, చేతికి పొడిగా తగిలే దాకా ఉంచుతాను. మూడు రాత్రులు ఇలా చేస్తే కప్పులో మల్లె స్పష్టంగా తెలుస్తుంది. తడి ఏమాత్రం మిగిలినా బూజు పడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా చేసుకుని రెండు వారాల్లో వాడేయండి.

పూలు మీ పెరట్లోవో, మందు కొట్టలేదని తెలిసిన వాళ్ల ఇంటివో అయి ఉండాలి. బజారు మాలలు వద్దు. మల్లె కుదిరింది కదా అని చేతికి దొరికిన ప్రతి పూవుతోనూ ప్రయత్నించకండి. గన్నేరు ప్రాణాంతకమైన విషం.

ఎర్ల్ గ్రే అనే ఫ్లేవర్ టీలో వచ్చే వాసన దేనిది? మన దగ్గర దొరికేవాటితో వస్తుందా?

బెర్గమాట్ అనే పుల్లటి పండు తొక్కలోని నూనె అది. ఎక్కువగా ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో పండుతుంది. అచ్చంగా ఆ వాసన మనం తేలేం. నా ముక్కుకి మాత్రం దగ్గరగా అనిపించింది దబ్బకాయ తొక్క. లోపలి తెల్ల భాగం తగలకుండా పై పొర పల్చగా చెక్కి, నీడలో మూడు రోజులు ఎండబెట్టి, కప్పుకి ఒక చిటికెడు నీలగిరి ఆకుతో కలపండి. నారింజ తొక్క కొంచెం తీపి వైపు పోతుంది, నిమ్మ తొక్క ఘాటుగా ఉంటుంది.

అల్లం టీ విరిగిపోతోంది. ఎందుకు?

పచ్చి అల్లంలో పాల ప్రోటీన్‌ను విరిచే ఎంజైము ఉంటుంది. దంచిన అల్లాన్ని ముందు నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు బాగా మరిగిస్తే అది పనిచేయదు. తర్వాతే పాలు పోయాలి. బెల్లం టీకి ఇంకో జాగ్రత్త: పొయ్యి ఆపేసి, పొంగు తగ్గాక తురిమిన బెల్లం కలపండి. శొంఠితో విరిగే భయం తక్కువ, రుచి మాత్రం వేరు.

మసాలా విషయంలో ఒక మాట. యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, మిరియాలు, సోంపు అన్నీ ఒకే గిన్నెలో వేస్తే ఏదీ తెలియదు. ఒకరోజు యాలకులు మాత్రమే, ఇంకోరోజు సోంపు మాత్రమే వేసి చూడండి. తర్వాత రెండు కలపండి. పాల టీలో సోంపు ఎంత బాగుంటుందో చాలామందికి తెలియదు.

ఇరానీ చాయ్ ఇంట్లో కుదురుతుందా?

కుదురుతుంది, తొందర లేకపోతే. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబాలు తెచ్చిన చాయ్ ఇది. దీనిలో పాలు, డికాక్షన్ విడివిడిగా కాగుతాయి, కప్పులోనే కలుస్తాయి.

మూడు కప్పుల నీళ్లు, నాలుగు చిన్న స్పూన్ల సీటీసీ పొడి, రెండు స్పూన్ల చక్కెర ఒక గిన్నెలో వేసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, అతి సన్నటి సెగ మీద ముప్పై, నలభై నిమిషాలు దమ్ పెట్టండి. సెగ పెరిగితే ఆవిరి ముద్దను తోసేస్తుంది, కనిపెట్టి ఉండండి. ఇంకో పక్క అర లీటరు చిక్కటి పాలు కలుపుతూ సగానికి దగ్గరగా మరిగించి, ఒక స్పూను కోవా కలపండి. కప్పులో సగం డికాక్షన్, సగం పాలు. ఇంత సేపు కాచినా నోరు పట్టకపోవడానికి ఆ చిక్కటి పాలే కారణం. నేను యాలకులు వేయను. కాగిన పాల కమ్మదనమే దీని ఫ్లేవర్ అని నా అభిప్రాయం. పక్కన ఉస్మానియా బిస్కెట్టు ఉండాలి.

హైబిస్కస్ టీ అంటే మన మందారమేనా?

పెరట్లో పూసే మందారం కాదు. ఎర్రగా, పుల్లగా ఉండే ఆ టీ గోంగూర జాతి మొక్కది! గోంగూర పూలు రాలాక కాయ చుట్టూ ఎర్రగా, కండగా మిగిలే రెక్కలను ఎండబెట్టి కాస్తారు. ఈజిప్టు, సూడాన్‌లలో కర్కదే పేరుతో పెళ్లిళ్లలోనూ ఇస్తారు. ఆకు పచ్చడికి, రెక్కలు టీకి. ఒక కప్పుకి నాలుగైదు ఎండు రెక్కలు, ఏడు నిమిషాలు, కొంచెం బెల్లం. బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగి తాగండి.

నిమ్మకాయ పిండగానే రంగు ఎందుకు తగ్గుతుంది?

బ్లాక్ టీలో ఎరుపునిచ్చే పదార్థాలు పులుపు తగిలితే లేతబడతాయి. పాలు లేకుండా నిమ్మరసం పిండే సులేమానీ చాయ్‌కి ఆ బంగారు రంగు అలాగే వస్తుంది. శంఖుపుష్పం టీ అయితే నీలం నుంచి ఊదాకి మారుతుంది. దానికి సొంత రుచి దాదాపు లేదు, నిమ్మగడ్డి తోడు కావాలి.

ఎండాకాలంలో చల్లటి టీ?

లీటరు తాగునీళ్లలో 10 గ్రాముల ఆకు వేసి, మూత పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి వడకట్టండి. చన్నీళ్లలో చేదు తక్కువ దిగుతుంది. బయట ఉంచితే పాడయ్యే ప్రమాదం ఉంది. నీలగిరి, మల్లె టీ దీనికి బాగుంటాయి.

రాత్రిపూట తాగవచ్చా? రక్తం తక్కువ ఉన్నవాళ్లు?

టీ ఆకు ఉన్న ప్రతిదాంట్లో కెఫీన్ ఉంటుంది, గ్రీన్ టీలో కూడా. రాత్రికి తులసి, నిమ్మగడ్డి, చామంతి సరిపోతాయి. రెండో ప్రశ్న ముఖ్యమైనది. భోజనంతో పాటు టీ తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు టిఫిన్‌తో పాటే టీ తాగేస్తారు. కనీసం గంట ఎడం ఇవ్వండి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగండి.

అంగట్లో ఫ్లేవర్ టీ కొనేటప్పుడు ఏం చూడాలి?

లేబుల్. ఆకుతో పాటు నిజమైన యాలకులు, పూలు, తొక్కలు రాసి ఉన్నాయా, లేక ఫ్లేవర్ అని మాత్రమే ఉందా? చల్లిన ఫ్లేవర్ ప్రతిసారీ చెడ్డది కాదు, ఎర్ల్ గ్రే కూడా అదే. కానీ ఒకసారి ఎగ్జిబిషన్‌లో వనిల్లా టీ కొని ఇంట్లో డబ్బా తెరిస్తే గది మొత్తం రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టినట్టయింది, కప్పులో మాత్రం టీ రుచే లేదు. అప్పటి నుంచి ఏదైనా కొంచెమే కొంటున్నాను.

విడిపొడి కొంటే రంగు కలిపారేమో చూసుకోండి. వడపోత కాగితం మీద కొంచెం పొడి పరిచి, నీళ్లు చిలకరించి, పొడి తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడగండి. వెలుతురుకు పెట్టి చూస్తే మరకలు మిగిలి ఉంటే అనుమానించాల్సిందే.

ఎలా దాచాలి?

గాలి చొరని రేకు డబ్బాలో, పొయ్యికీ పోపుల డబ్బాకీ దూరంగా. మల్లె వాసన పట్టే ఆకు ఇంగువ వాసన కూడా అంతే ఇష్టంగా పడుతుంది. ఫ్రిజ్ వద్దు, తీసినప్పుడల్లా తేమ చేరుతుంది. ఒక్కో ఫ్లేవర్‌కి ఒక్కో డబ్బా, ఒక్కో స్పూను.

అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ పాల టీ ఎందుకో కుదరట్లేదు.

హోల్ మిల్క్ వాడండి, వెన్న తీసిన పాలతో చిక్కదనం రాదు. ఇరానీ చాయ్‌కి డబ్బాలో దొరికే ఎవాపరేటెడ్ మిల్క్ సగం కలిపితే మరిగించే శ్రమ తగ్గుతుంది. టీ బ్యాగుల బదులు ఇండియన్ స్టోర్‌లో అస్సాం సీటీసీ తెచ్చుకోండి. అక్కడ వేడి సెట్ చేసుకునే ఎలక్ట్రిక్ కెటిల్స్ సులువుగా దొరుకుతాయి. గ్రీన్ టీ విషయంలో మీ పనే మాకన్నా తేలిక.

ఒకసారి కాచిన ఆకు మళ్లీ వాడొచ్చా?

పొడి పనికిరాదు. ఆకు టీ మాత్రం అదే పూట రెండోసారి పోసుకోవచ్చు, ఒక నిమిషం ఎక్కువ ఉంచితే చాలు. ఊలాంగ్ అయితే మూడు, నాలుగు సార్లు వస్తుంది, నాకు రెండోసారిదే ఎక్కువ నచ్చుతుంది. తడి ఆకును రాత్రి దాకా ఉంచి మళ్లీ వాడకండి. పాలు, చక్కెర తగలని ఆకైతే ఆరబెట్టి గులాబీ కుండీలో మట్టితో కలిపేయండి. పాలు తగిలిందైతే కుండీలో వేయొద్దు, చీమలు పడతాయి.